ఫోటో కింద నెల పేరు కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో విక్టోరియా జలపాతం గురించి వచ్చిన వ్యాసం చూశాను. ఫోటో అదిరిపోయింది. నీళ్లు కిందికి దూకే అంచుకు జానెడు దూరంలో ఒకమ్మాయి రాతిగట్టు మీద మోచేతులు ఆనించి, కెమెరా వైపు తిరిగి పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. పక్కన వ్యాసం రాసినాయన మాత్రం ఇది ప్రాణాలతో చెలగాటమనీ, ఫోటోల పిచ్చి ముదిరిపోయిందనీ, ఇలాంటి చోట ఈతను పూర్తిగా నిషేధించాలనీ రాశారు. మా ఇంట్లో ఆ పేజీ చేతులు మారుతుంటే సగం మంది "వీళ్లకేమైనా పిచ్చా" అన్నారు, మిగతా సగం "మనమెప్పుడు వెళ్దాం" అన్నారు. ఆ అమ్మాయి ఉన్నది డెవిల్స్ పూల్ అనే గుంటలో, జలపాతం అంచు మీదే ఉంటుంది; అందులో ఈత కొట్టి వచ్చినదాన్ని కాబట్టి ఇద్దరికీ నేనే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. చెబుతూ చెబుతూ ఉంటే తట్టిందేమిటంటే, మీ వ్యాసంలో ఎత్తూ వెడల్పూ దేశమూ అన్నీ ఉన్నాయి గానీ ఆ ఫోటో ఏ నెలలో తీశారో ఎక్కడా లేదు.

ఇదేదో పనిగట్టుకుని తప్పులు వెతకడం అనుకోకండి. విక్టోరియా విషయంలో నెల చెప్పకపోతే ఏమీ చెప్పనట్టే లెక్క. ఏప్రిల్‌లో ఆ అమ్మాయి కూర్చున్న చోటికి మనిషన్నవాడు పోలేడు, పోయినా తిరిగి రాడు. అక్టోబరులో అదే చోటికి గైడు దగ్గరుండి తీసుకెళ్తాడు. చదివేవాళ్లకి ఈ సంగతి తెలియకపోతే ఒకరు అనవసరంగా తిడతారు, ఇంకొకరు అనవసరంగా టికెట్లు కొనేస్తారు.

కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి. జాంబెజీ నది జాంబియా, జింబాబ్వే దేశాల మధ్య సరిహద్దుగా పారుతూ వచ్చి, ఉన్నట్టుండి నేలలో అడ్డంగా ఉన్న ఒక పొడవాటి చీలికలో పడిపోతుంది. ఆ పడే చోటు వెడల్పు 1,708 మీటర్లు, బాగా లోతున్న చోట ఎత్తు 108 మీటర్లు. ఎత్తు ఒక్కటే చూస్తే వెనిజులాలోని ఏంజెల్ జలపాతం ముందు ఇదెంత, అది 979 మీటర్లు. వెడల్పులో దక్షిణ అమెరికాలోని ఇగువాసు జలపాతం దీన్ని దాటేస్తుంది. కానీ రెండూ కలిపి, వరద రోజుల్లో ఒడ్డు నుంచి ఒడ్డు దాకా పడే నీటిని లెక్కలోకి తీసుకుంటే ఇంత పెద్దది ఇంకొకటి లేదంటారు. నయాగరా ఎత్తు ఇందులో సగం కూడా ఉండదు. 1989లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, స్థానికులు పిలుచుకునే మోసి ఓ తున్యా అన్న పేరుతో కలిపి.

ఇక నెలల సంగతి. ఎగువన అంగోలాలో, జాంబియాలో వానలు పడేది సుమారుగా నవంబరు నుంచి మార్చి దాకా. ఆ నీళ్లన్నీ వెంటనే జలపాతం దగ్గరికి రావు. దారిలో బరోట్సే అనే పెద్ద వరద మైదానం ఉంది, అది స్పాంజిలా నీళ్లను పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది. అందుకని వానలు వెనకబట్టాక, ఏప్రిల్ ప్రాంతంలో వరద జలపాతం దగ్గర పతాక స్థాయికి చేరుతుంది. అప్పుడు సెకనుకు సుమారు 3,000 ఘనపు మీటర్ల నీళ్లు పడతాయి. తుంపర 400 మీటర్ల పైకి లేస్తుంది, దాదాపు 50 కిలోమీటర్ల దూరం నుంచి కూడా కనపడుతుందని చెబుతారు. తమాషా ఏమిటంటే ఆ రోజుల్లో వెళ్లినవాళ్లకి జలపాతం సరిగ్గా కనపడదు. ఎదుటి గట్టు మీద దారి వెంట నడుస్తుంటే పైనుంచీ కిందనుంచీ పక్కనుంచీ వాన కొడుతుంది, కళ్ల ముందు తెల్లటి మబ్బు తప్ప ఏమీ ఉండదు, కెమెరా తీస్తే పోయినట్టే. శబ్దం మాత్రం ఛాతీలో మోగుతుంది. అదొక రకం అనుభవం, తక్కువదేం కాదు. పున్నమి రాత్రి వెన్నెల వెలుగులో ఇంద్రధనుస్సు చూడాలనుకునేవాళ్లు కూడా తుంపర బాగా ఉండే ఈ కాలంలోనే పోవాలి. ఈత మాట మాత్రం ఎత్తకూడదు.

తర్వాత నీళ్లు తగ్గుకుంటూ వస్తాయి. అక్టోబరు, నవంబరు నెలలకు జాంబియా వైపు వందల మీటర్ల మేర నల్లటి రాయి బయటపడి, అక్కడో పాయ ఇక్కడో పాయ జారుతుంటాయి. జింబాబ్వే వైపు మాత్రం నీళ్లు పడుతూనే ఉంటాయి, అటు రాయి పల్లంగా ఉంది కాబట్టి. అంటే నెలతో పాటు ఏ ఒడ్డు అన్నది కూడా చెప్పాలి.

ఇది చెప్పకపోతే ఏమవుతుందో 2019 చివర్లో ప్రపంచమంతా చూసింది. ఆ ఏడాది ఆఫ్రికా ఖండం దక్షిణ భాగమంతా కరువు, నదిలో నీళ్లు నిజంగానే చాలా తగ్గాయి, పాతికేళ్లలో అంత తక్కువ లేదన్నారు. అంతవరకు నిజం. కానీ జాంబియా వైపు ఎండిన రాయి ఫోటో పక్కన, వరద రోజుల్లో తీసిన ఫోటో ఒకటి పెట్టి "విక్టోరియా జలపాతం ఎండిపోయింది" అని ఊరూవాడా తిప్పేశారు. అప్పటి జాంబియా అధ్యక్షుడు ఎడ్గార్ లుంగు కూడా అలాంటి ఫోటోలు పెట్టి వాతావరణ మార్పు గురించి హెచ్చరించారు. అవతల జింబాబ్వే ఒడ్డున పర్యాటకం మీద బతికేవాళ్లు లబోదిబోమన్నారు, మా వైపు నీళ్లు పడుతూనే ఉన్నాయి మహాప్రభో, వచ్చి చూడండి అని. కరువు గురించి చెప్పదలచుకుంటే నిరుడు ఇదే నెలలో తీసిన ఫోటో పక్కన పెట్టాలి గానీ ఏప్రిల్‌ని తెచ్చి నవంబరు పక్కన పెడితే ఏ ఏడాదైనా కరువులాగే కనపడుతుంది కదా.

సరే, ఈత గురించి. మీ వ్యాసకర్త బాధంతా దాని గురించే.

అంచు మీద, నది మధ్యలో లివింగ్‌స్టన్ దీవి అని ఒకటి ఉంది. డెవిల్స్ పూల్ దాన్ని ఆనుకునే ఉంటుంది. దీవికి జాంబియా ఒడ్డు నుంచి పడవలో తీసుకెళ్తారు. పైన నదిని చూస్తే ముందు వైపు అంత లోతైన లోయ ఉందని అసలు అనిపించదు. విశాలంగా, తాపీగా, అక్కడక్కడ చెట్లున్న చిన్న చిన్న దీవులతో, నీటిగుర్రాలు ముక్కులు మాత్రం బయటపెట్టి మనల్ని చూస్తుంటే, ఏదో సాయంత్రం షికారుకి వచ్చినట్టుంటుంది. (మొసళ్లు కూడా ఉంటాయి, అందుకే ఆ నదిలో ఎక్కడ పడితే అక్కడ దిగడం కుదరదు.) ముందు వైపు మాత్రం నీళ్లలోంచి తెల్లటి పొగ లేస్తూ ఉంటుంది. పడవ ఇంజను ఆపేసి దీవి మీద కాలు పెట్టగానే ఆ మోత చెవికంటే ముందు అరికాళ్లకు తెలుస్తుంది.

ఈత వచ్చా అని గైడు అందర్నీ అడిగాడు, అందరూ వచ్చన్నారు, కానీ ఆయన ఎవరి మాటా నమ్మలేదు. లోతు తక్కువున్న పాయలో ఒక్కొక్కరినీ ఈదించి చూశాడు. పడవలో వస్తున్నంతసేపూ తన సాహసాల గురించి తెగ చెప్పిన ఒక పెద్దమనిషి ఆ పాయలోనే రొప్పుతూ ఆగిపోయాడు. వాదన లేదు, బతిమాలడం లేదు, ఆయన చేతికి తువ్వాలు ఇచ్చి దీవి మీద నీడలో కూర్చోబెట్టేశారు. డబ్బులిచ్చాను కదా అంటే నవ్వి ఊరుకున్నారు. నాకు ఆ గైడు మీద నమ్మకం కుదిరింది అక్కడే.

తర్వాత రాళ్ల మీద నడక, ఆ పైన అసలు పాయ దాటడం. అక్కడ ప్రవాహం పక్కకి, అంటే అంచు వైపుకి లాగుతూ ఉంటుంది. చేరాల్సిన రాయి ఎదురుగానే కనపడుతుంది కానీ దానికి గురిపెట్టి ఈదితే దాని కిందికి చేరతాం. అందుకని ఎగువ వైపుకి మొహం పెట్టి ఏటవాలుగా ఈదాలి, ప్రవాహమే మనల్ని సరైన చోటికి తెస్తుంది. "అంచు వైపు చూడొద్దు, నా తల చూస్తూ రా" అన్నాడు గైడు. చూడొద్దంటే చూడకుండా ఉండటం ఎంత కష్టమో అక్కడ తెలిసింది, కుడి కంటి చివర్లో నీళ్లు తెగిపోయి ఆకాశం మొదలైన గీత ఒకటి కనపడుతూనే ఉంటుంది. పట్టుకోవడానికి తాడు ఉంది. గైడ్లలో ఒకరు మనకీ అంచుకీ మధ్యలో ఈదుతూ వస్తారు. అయినా సరే గుండె దడ దడే.

పాయ దాటి బండ ఎక్కి నిలబడితే కింద ఆకుపచ్చగా ఒక గుంట, దాని తర్వాత సన్నటి రాతిగట్టు, ఆ తర్వాత ఇంకేం లేదు. దూకు అంటాడు. అదీ అంచు వైపుకే దూకమంటాడు! వివరం అంతా ముందే చెప్పారు, గట్టు ఉందని, ఆపుతుందని, బుర్రకి అర్థమైంది కూడా. కాళ్లకి అర్థం కాలేదు. బండ మీద వేళ్లు ముడుచుకుని పట్టుకున్నాయి. వెనక క్యూలో ఉన్నవాళ్లు చూస్తున్నారన్న సిగ్గుతో దూకాను, అబద్ధమెందుకు. నీళ్లలో మునిగి తేలేలోపే ప్రవాహం ముందుకి తోసేసింది, అదొక రెండు క్షణాలుంటుందేమో, చేతులకి ఏమీ తగలదు, కాళ్లకి ఏమీ తగలదు, మనం కదులుతున్నది మాత్రం ఖచ్చితంగా అంచు వైపుకే. అప్పుడు పాదాలకి రాయి తగిలింది. గట్టిగా, నున్నగా, నడుము ఎత్తున అడ్డంగా గోడలాగా. అక్కడ ఆగిపోయాను, నీళ్లు మాత్రం నా భుజాల మీదుగా, చంకల కిందుగా జారి అవతల పడిపోతున్నాయి. పెద్దగా అరిచాను, ఏమని అరిచానో నాకే తెలియదు, ఆ హోరులో ఎవరికీ వినపడలేదు కూడా.

నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఆ గుంటలో చిన్న చిన్న చేపలుంటాయి. జీవితంలో ఎప్పుడూ లేనంత భయంతో, గంభీరంగా మనం అంచు పట్టుకుని వేలాడుతుంటే అవి వచ్చి కాళ్లు కొరుకుతుంటాయి. గిలిగింతలకి నవ్వు ఆగదు. మీ ఫోటోలో అమ్మాయి నవ్వు కూడా అదేనేమో, ఎవరికి తెలుసు.

ఆ తర్వాత గైడు చీలమండలు గట్టిగా పట్టుకుంటే గట్టు మీద బోర్లా పడుకుని కిందికి చూడొచ్చు. నేను చూశాను. అడుగు కనపడదు. మన పక్కనుంచి జారిన నీళ్లు కొంతదూరం తాళ్లలా కనపడి, తెల్లటి పొడిగా విడిపోయి మాయమవుతాయి. లోయలోంచి గాలి పైకి తన్నడం వల్ల చినుకులు కిందనుంచి మొహం మీదకి వచ్చి పడతాయి. సూర్యుడు వెనక ఉన్న వేళ కాబట్టి ఇంద్రధనుస్సు మన కాళ్ల కింద ఉంది. నేల మీద నిలబడి చూసినప్పుడు దాని కింది భాగాన్ని నేల అడ్డుకుంటుంది, సగం విల్లే కనపడుతుంది. ఇక్కడ మనకంటే కింద కూడా తుంపర ఉంటుంది కాబట్టి విల్లు వంపు తిరిగి దాదాపు గుండ్రంగా కనపడుతుంది. చూస్తూ ఉండిపోవాలనిపించింది, గైడు మాత్రం కాలు గుంజి ఇక చాలు లెమ్మన్నాడు. తర్వాతి వాళ్లు వెయిటింగ్.

ఇప్పుడు చెప్పండి, ఇది చెలగాటమా? ప్రమాదం లేదని నేననను, వంద మీటర్ల అంచు పక్కన ప్రమాదం లేకుండా ఎలా ఉంటుంది. కానీ ఆ గట్టు నిన్నగాక మొన్న కట్టింది కాదు. అక్కడి నేలంతా బసాల్ట్ రాయి, పాతకాలపు లావా గడ్డకట్టి ఏర్పడింది. అందులో అడ్డంగా పెద్ద పెద్ద పగుళ్లున్నాయి, వాటిలో నిండిన మెత్తటి రాయిని, మట్టిని నది తొలుచుకుంటూ పోయింది. ఒక పగులు పూర్తిగా తొలిచాక జలపాతం వెనక్కి జరిగి ఇంకో పగుల్లో పడటం మొదలుపెడుతుంది, ఇలా లక్ష ఏళ్లకు పైగా ఎగువకి జరుగుతూ వస్తోంది. కింద వంకర్లు తిరుగుతూ పోయే లోయలన్నీ ఒకప్పుడు జలపాతం ఉన్న చోట్లే. పగుళ్లు కోసుకుపోతాయి, గట్టి బసాల్ట్ అంత తేలిగ్గా కోసుకుపోదు. డెవిల్స్ పూల్ ముందున్న గట్టు అలా మిగిలిన గట్టి రాయే.

రాయి ఏడాదంతా అక్కడే ఉంటుంది, మారేది దాని మీదనుంచి పోయే నీళ్ల మందం, వేగం. నీటి తోపు వేగంతో పాటు అంతే పెరగదు, వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. మోకాలి లోతు నీళ్లే అయినా వడిగా ఉంటే మనిషిని పడేయగలవు. నీళ్లు తగ్గిన నెలల్లో గట్టు మీదనుంచి జానెడు నీళ్లు పోతాయి, గట్టు మనల్ని ఆపుతుంది. వరదలో అదే గట్టు ఎక్కడో అడుగున ఉండిపోతుంది, మనం దాని మీదనుంచే పోతాం. అందుకే ఆ గుంటను సుమారుగా ఆగస్టు నెలాఖరు నుంచి జనవరి మధ్య దాకానే తెరుస్తారు, అది కూడా కేలెండర్‌లో తేదీ చూసి కాదు, నదిలో మట్టం చూసి. ఒక్కో ఏడాది ఆలస్యంగా తెరుస్తారు, ఒక్కో ఏడాది ముందే మూసేస్తారు. నీళ్లు కాస్త పెరిగితే ముందు దీన్ని మూసి, దగ్గర్లోనే ఏంజెల్స్ పూల్ అని ఇంకో గుంట ఉంది, అక్కడికి తీసుకెళ్తారు. ఇంకా పెరిగితే దీవికే పడవలు ఆపేస్తారు. మీ వ్యాసకర్త అడిగిన నిషేధం ఏడాదిలో సగానికి పైగా అక్కడ అమలులోనే ఉంది, నదే అమలు చేస్తోంది.

ఫోటోల పిచ్చి అన్నారు కదా, దానికో చిన్న సంగతి. ఆ దీవికి పేరొచ్చిన స్కాట్లండ్ అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్ ఈ జలపాతాన్ని చూసింది 1855 నవంబరు 16న. స్థానికులు ఆయన్ని చిన్న పడవలో అంచు మీది దీవికి తీసుకెళ్లారు, అక్కడ బోర్లా పడుకుని కిందికి తొంగి చూశాడు. నెల గమనించండి, నవంబరు. ఏప్రిల్‌లో వచ్చి ఉంటే ఏ పడవవాడూ ఆయన్ని అక్కడికి తీసుకెళ్లేవాడు కాదు, మనం చదువుకునే కథ ఇంకోలా ఉండేది. అంత పెద్దమనిషి కూడా ఆ దీవి మీద ఒక చెట్టుకి తన పేరులోని పొడి అక్షరాలు, సంవత్సరం చెక్కి వచ్చాడు, ఇలాంటి డాబుకి పోయింది ఈ ఒక్కసారే అని తనే రాసుకున్నాడు. ఫోన్ ఉంటే సెల్ఫీ దిగేవాడే. 1860లో మళ్లీ వచ్చి కొలిస్తే వెడల్పు 1,860 గజాల పైచిలుకు తేలింది, సంవత్సరమూ అదే కాబట్టి గుర్తుంటుందని ఆ అంకెనే ఖాయం చేసుకున్నాడు. మీటర్లలో లెక్కేస్తే ఇప్పటి కొలతకి ఏడెనిమిది మీటర్లే తేడా. ఆ రోజుల్లో ఆ పరికరాలతో!

అన్ని జలపాతాలకీ ఇదే లెక్క వర్తిస్తుందని అనుకోకండి, అక్కడే వస్తుంది తంటా. ఏంజెల్ జలపాతం దగ్గర సరిగ్గా ఉల్టా. అక్కడికి నది మీద పడవలోనే పోవాలి, నీళ్లు బాగా తగ్గిన నెలల్లో పడవ నడవదు, కాబట్టి వానల కాలంలోనే వెళ్తారు, కింద మడుగులో ఈత కూడా ఉంటుంది. అంత ఎత్తు నుంచి పడే నీళ్లు చాలా వరకు దారిలోనే తుంపరైపోతాయి కాబట్టి అది కుదురుతుంది. నయాగరాలో ఏ నెలలోనూ కుదరదు, చట్టమే ఒప్పుకోదు. విక్టోరియాలోనే అంచు మీద ఈదొచ్చు గానీ పెద్ద ధార పడే చోట ఈత ఊహించడానికి కూడా లేదు. పెద్ద ధార కింద నీళ్లలో గాలి బుడగలు కలిసిపోయి తెల్లగా నురగ అవుతుంది, ఆ నురగ మనిషిని మామూలు నీళ్లలా తేల్చదు, పైగా ధార పడిన చోట నీళ్లు కిందికి పోయి తిరిగి ధార వైపుకే సుడి తిరుగుతాయి. బాగా ఈత వచ్చినవాళ్లు కూడా అందులోంచి బయటపడలేక పోతుంటారు. పైనుంచి కొట్టుకొచ్చే రాళ్లు, దుంగలు సరేసరి. ఎంత చిన్న జలపాతమైనా ధార కిందికి పోయి నిలబడేవాళ్లని చూస్తే నాకు టెన్షన్, డెవిల్స్ పూల్ అంచున కూర్చున్నవాళ్లని చూస్తే అంత ఉండదు. చూసేవాళ్లకి మాత్రం తలకిందులుగా కనపడుతుంది.

కాబట్టి నేను అడిగేది నిషేధమూ కాదు, ప్రచారమూ కాదు. జలపాతం ఫోటో వేసినప్పుడు కింద చిన్న అక్షరాల్లో నెల, ఏడాది, ఏ ఒడ్డు నుంచి తీశారో వేయండి. ఏజెన్సీ దగ్గర కొన్న ఫోటో అయినా ఆ వివరాలు సాధారణంగా ఉంటాయి, అడిగితే చెబుతారు. లేకపోతే "ఎప్పుడు తీశారో తెలియదు" అనైనా వేయండి, చదివేవాడు జాగ్రత్త పడతాడు. ఈతకి సంబంధించిన ఫోటో అయితే అక్కడ గైడు లేకుండా దిగనివ్వరు అన్న మాట కూడా వేస్తే ఇంకా మంచిది. మీ ఫోటోలో గైడు లేడు. నిజానికి ఆ అమ్మాయికి అటు పక్కనే ఎవరో ఒకరు ఉండి ఉంటారు, ఎందుకంటే ఎవరూ లేకుండా అక్కడికి పంపరు, ఫోటో తీసింది కూడా చాలాసార్లు గైడే. అందం కోసం ఆయన్ని ఫ్రేములోంచి తీసేస్తారు, చూసినవాళ్లకి ఆ అమ్మాయి ఒక్కతే తెగించి వెళ్లి కూర్చున్నట్టు అనిపిస్తుంది, ఇంకొకరు అలాగే తెగించి ఏదో ఒక జలపాతం ఎక్కేస్తారు.

చివరగా ఒక సవరణ. వ్యాసంలో డెవిల్స్ పూల్ జింబాబ్వేలో ఉందని రాశారు. దానికి దారి జాంబియా వైపు నుంచే, లివింగ్‌స్టన్ దీవి మీదుగా. జింబాబ్వే ఒడ్డున గది తీసుకున్నవాళ్లు ఈత కోసం 1905లో కట్టిన ఆ పాత వంతెన దాటి, సరిహద్దులో పాస్‌పోర్టు చూపించి అవతలికి వెళ్లాలి, మళ్లీ తిరిగి రావాలంటే వీసా అందుకు పనికొచ్చేలా ఉండాలి. ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ వీసాతో వెళ్తే తిరిగి వచ్చేటప్పుడు ఇబ్బంది పడొచ్చు. వచ్చే ఆదివారం సంచికలో ఈ ముక్క వేస్తే టికెట్లు కొనబోతున్నవాళ్లకి ఉపయోగం.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు